శుక్రవారం పాఠం

పంచాయతీ సమితి వాళ్ళు రాళ్ళగూడెం బడికి రేడియో ఇచ్చి వెళ్ళిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ బడి గడ్డికప్పు పాక. దానికి తలుపు లేదు, తాళం పెట్టే జాగా లేదు. అందుకని పంచాయతీ మెంబరు గుర్వయ్య జమానతు పడి, పోతే తనదే పూచీ అని, రేడియోను తన పెంకుటింట్లో పెట్టించుకున్నాడు. హైదరాబాదు నుంచి పిల్లల పాఠాలు బుధవారం, పోయిన వారం నుంచి శుక్రవారం కూడా, మధ్యాహ్నం వస్తాయి. ఆ వేళకు పెద్ద పిల్లలు వచ్చి రేడియోను బడికి మోసుకుపోయి, పాఠం కాగానే తెచ్చి దింపుతారు; అవే పాఠాలు ఆదివారం మళ్ళీ వచ్చినప్పుడు రేడియో ఇంట్లోనే ఉంటుంది. బుధవారాలు సాఫీగానే గడిచాయి. పోయిన శుక్రవారం మాత్రం గుర్వయ్య తల్లి సైదమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది. బడిలో పిల్లలు ఖాళీ బల్లను చూసి ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఇవాళ మళ్ళీ శుక్రవారం.

"శుక్రారం నాడు ఈ ఇంట్లకెల్లి చిటికెడు ఉప్పు బయటికి పోదు. గంత పెట్టె ఎట్ల పోతదే?"

పొద్దున పాలు పిండే వేళ మొదలైన మాట, పొయ్యి మీద జొన్న గట్క ఉడుకుతున్నా తెగలేదు. సైదమ్మ దేవుని మూలకు ఊదు వేస్తూ అంటోంది. గోపమ్మ గట్కను కర్రతో కలుపుతూ అంటోంది. అత్తాకోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు.

"మనదైతే గద అత్తా, ఇచ్చినమనీకి! అది బడిది. బడిది బడికి పోతే మన లచ్చిమికేమైతది?"

"మనింట్ల పండుకుంటాంది. మన బొట్టు పెట్టుకున్నది. మల్ల బడిదంటవేంది?"

అది నిజమే. రేడియో వచ్చిన మర్నాడే సైదమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. ముందున్న గుడ్డ సగం పసుపుబారి, లోపలి గొంతు కాస్త జలుబు చేసినట్టు వినిపిస్తోంది. గుర్వయ్య తమ్ముడు ఐలేశం ఇంకో అడుగు ముందుకేశాడు. మంద వీపుల మీద వేసే ఎర్రజాజు గుర్తును తీసుకొచ్చి రేడియో పక్కచెక్క మీద కూడా వేశాడు. ఇదేం పని అని గోపమ్మ తిడితే, "తప్పిపోతే ఎవరిదో ఎరుకగావాలె గద వదినా!" అన్నాడు. గొర్రెకైనా రేడియోకైనా అతనికి తెలిసిన పద్ధతి అదొక్కటే.

ఇప్పుడు కూడా అతను గుమ్మంలో కూర్చుని గొంగడి దులుపుతూ నవ్వాడు. "అమ్మ జెప్పేది నిజమే వదినా. రేడియ వచ్చినంకనే మన నల్లగొర్రె జోడు పిల్లలనీనింది. పాటలిని ఈనింది గావచ్చు."

"నువ్వు ఊకో మరిదీ. మంట మీద నూనె పొయ్యకు."

గుర్వయ్య అరుగు మీద కదురు తిప్పుతూ ఉన్ని వడుకుతున్నాడు. తల్లికీ భార్యకీ మధ్య మాట వస్తే అతనికి కదురు మీద ఎక్కడలేని శ్రద్ధ పుడుతుంది.

"నువ్వన్న జెప్పరాదూ?" అంది గోపమ్మ.

"జర ఇద్దరూ నిమ్మలంగుండుండ్రి," అన్నాడు కదురుతో.

"ఐతారం అచ్చంపేటకెల్లి సుట్టాలొస్తాండ్రు," అంది సైదమ్మ, అసలు మాట అప్పుడు బయటికి తీస్తూ. "పిల్లను జూడవస్తున్నోళ్ళు ఇల్లు జూడరా? గీ వారమన్న ఇంట్ల లచ్చిమి కదలకుండ ఉండాలె."

గోపమ్మ చేతిలో కర్ర ఆగింది. అచ్చంపేట సంబంధం సైదమ్మ తమ్ముడి తరఫుది. పిల్లవాడికి మంద ఉంది, అడివంచున మేతభూమి ఉంది. చూడవచ్చేది గోపమ్మ కూతురు సత్తమ్మను. పోయిన దసరాకు ముందు పెద్దమనిషైన నాటి నుంచి సత్తమ్మ బడి మానేసింది. మానేసింది అని అందరూ అంటారు కానీ, మానిపించారు. ఐదో తరగతి సగంలో ఉండగా పలక మూలన పెట్టించి, దొడ్లో గొర్రెపిల్లలను అప్పజెప్పారు. తల్లిగొర్రెలు మేతకు పోతే పిల్లలు ఇంటి దగ్గరే ఉంటాయి కదా, వాటికి కాపలా కావాలి. ఆ రోజు గోపమ్మ కూడా ఏమీ అనలేదు. అందరిళ్ళలోనూ అంతే కదా అనుకుంది.

దొడ్డివైపు నుంచి సత్తమ్మ వచ్చి ముంత చాపింది. "అవ్వా, దయచేసి పిల్లలకు కొన్ని పాలు ఇప్పించండి."

ఐలేశం పగలబడి నవ్వాడు. సైదమ్మ నుదురు కొట్టుకుంది. "సూడు, సూడు! గీ పోరికి రేడియ పూనింది. అచ్చంపేటోళ్ళ ముంగట గిట్ల మాట్లాడినవనుకో, పట్నపోళ్ళ పిల్ల అనుకోని లేసిపోతరు."

సత్తమ్మ కళ్ళలో అల్లరి మెరిసింది. అంతలోనే ముంత పట్టుకుని వెళ్ళిపోయింది.

పొద్దు తలమీదికొచ్చి కాస్త వాలాక, వాకిట్లో సైకిలు గంట మోగింది. వహీద్ సారు. పానగల్‌లో కాపురం, రోజూ సైకిలు మీద వచ్చి బడి చెప్పి వెళ్తాడు. జుమ్మా నమాజు చదువుకుని తిన్నగా వచ్చినట్టున్నాడు, తల మీద టోపీ ఇంకా తీయలేదు. చెప్పులు గడప బయట విడిచి, అరుగు చివర కూర్చున్నాడు. గోపమ్మ చెంబుతో నీళ్ళు పెట్టి, తలుపు పక్కన నిలబడింది.

"అవ్వా, పైలమా?" అన్నాడు.

"పైలమే సారూ. రేడియ కోసమొచ్చినవు గావచ్చు. ఇయ్యాల ఇయ్య."

"అడుగుతలేను అవ్వా. పోయినవారమే ఎరుకైంది. మా అమ్మ గూడ పొద్దుగూకినంక ఉప్పు, పాలు బయటికియ్యకపోయేది. ఆమెతోని కొట్లాడి నేనెన్నడు గెల్వలేదు."

సైదమ్మ ముఖం కాస్త మెత్తబడింది. "మీ అమ్మ గుణమంతురాలు."

"కాని ఒక మాట జెప్పనీకి వచ్చిన. వచ్చే శుక్రారం సమితి పెద్దసారు వస్తుండు. రేడియ ముంగట పిల్లలు కూసోని ఇంటున్నరా లేదా జూస్తడంట. ఇంటలేరంటే ఎత్తుకపోయి ఇంకో ఊరికిస్తడు."

"శుక్రారం నాడే ఎత్తుకపోతడా!" అని సైదమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది.

గుర్వయ్య కదురు పక్కన పెట్టాడు. "గురువారం పొద్దూకకముందే బడికి చేరేస్తే ఎట్లుంటది సారూ?"

"రాత్రికి ఎవరు కావలుండాలె అన్నా? తలుపు లేదాయె. జమానతు నీదాయె."

వహీద్ నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టి, సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. "నిజం జెప్పాలంటే పిల్లల కంటె నాకే ఆ రేడియ అక్కర. నా చదువంత ఉర్దూల అయింది. ఇప్పుడు బడంత తెలుగాయె. పద్యం జెప్పాలంటే నాకు నాలుక తిరగది. పిల్లలతోపాటు నేను గూడ ఇని నేర్చుకుంటున్న."

గుర్వయ్య తల ఊపాడు. అతనిదీ అదే తరం. ఉర్దూ కాగితం గడగడా చదువుతాడు. కూతురి తెలుగు పుస్తకం చేతికిస్తే బొమ్మలు చూసి ఇచ్చేస్తాడు.

సైదమ్మ ఏదో నిశ్చయానికి వచ్చినట్టు కొంగు సవరించుకుంది. "గింత పరేషాను ఎందుకు సారూ? రేడియ బయటికి రాదు. పిల్లలనే ఇక్కడికి తోల్కరా. గింత వాకిలి లేదా మనకు? సాపలు పరిపిస్త. పెద్దసారు వస్తే మజ్జిగిస్త."

అందరికీ గుండె మీది బండ దిగినట్టయింది. గుర్వయ్య "శభాష్ అమ్మా" అన్నాడు. గోపమ్మ మనసు మాత్రం ఇంకోవైపు ఉరికింది. బడి వాకిట్లోకే వస్తే, సత్తమ్మ గడప దాటకుండానే బడిలో కూర్చున్నట్టు కదా! ఎవరేమనగలరు? పొద్దటి నుంచి రేడియోను బయటికి పంపమని కొట్లాడిన మనిషి, అది ఇంట్లోనే ఉండాలని ఆ క్షణాన కోరుకుంది.

"కింది వాడ పిల్లలు తప్ప," అంది సైదమ్మ, మజ్జిగ సంగతి చెప్పిన గొంతుతోనే. "వాళ్ళకు నువ్వు తర్వాత బడిల జెప్పుకో."

వహీద్ టోపీ తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"బడి వస్తే అందరితోని వస్తదవ్వా. సగం బడిని తోలుకొచ్చుడు నాకు చేతగాదు."

"ఆ కింది వాడ బిక్షమ్మ బిడ్డ నీ బడిల యాడ కూసుంటది?"

"అందరికంటె ముంగట."

"ముంగటనా!"

"పిల్లకు చూపు జర తక్కువ అవ్వా. వెనక కూసుంటే బోర్డు అవుపడది."

సైదమ్మ మాట వెనక్కి తీసుకోలేదు. "అయితే నీ బడి నీ కాడ, నా ఇల్లు నా కాడ," అంది.

"గట్లనే కానీ అవ్వా. పెద్దసారుకు ఉన్నదున్నట్టు జెప్త." అతని గొంతులో కోపం లేదు. చెప్పులు తొడుక్కుంటూ తలుపు వైపు చూశాడు. "గోపమ్మా, సత్తమ్మ ఏమన్న చదువుతాందా?"

"దొడ్లుంటది సారూ. రేడియ పెడితే ఇంటది."

"దాని జాగా ఎవరికియ్యలేదని చెప్పు."

సైకిలు వీధి మలుపు తిరిగేదాకా గోపమ్మ చూస్తూ నిలబడింది.

గుర్వయ్య తల గోక్కుంటూ పంచాయతీ వైపు నడిచాడు. సైదమ్మ చాప మీద ఒరిగింది. పాఠం వేళ అవుతోంది. ఎవరూ వినకపోతే మాత్రం ఊరికే పోనివ్వడం ఎందుకని, గోపమ్మ తానే వెళ్ళి మర తిప్పింది. లోపల చిన్న దీపం ఎర్రగా వెలిగి, పెట్టె వేడెక్కి, గురగురమని, అప్పుడు గొంతు వచ్చింది. ఆడమనిషి గొంతు. ఆమె మాట్లాడుతుంటే కొత్త కుండలో నీళ్ళు పోసినట్టుంటుంది. ఇవాళ్టి పాఠం వాన గురించి.

గోపమ్మ వెనక తలుపు దగ్గరకు వచ్చింది. దొడ్లో నీడన సత్తమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో నల్లగొర్రె ఈనిన జోడులో ఒకటి. తల్లి వచ్చింది తెలియదు, చెవులన్నీ ఇంట్లోనే ఉన్నాయి.

"ఎండాకాలం చెరువులో నీళ్ళు తగ్గిపోతాయి కదా పిల్లలూ!" అంది రేడియో. "ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోయాయి? చెప్పండి చూద్దాం."

అడిగి, ఆగింది. బడిలో అయితే పిల్లలందరూ ఒక్కసారిగా అరుస్తారు. ఆ అరుపు కోసమే ఆ జాగా విడిచిపెడతారు.

"ఆవిరై పైకి పోయినయి," అంది సత్తమ్మ.

"శభాష్! బాగా చెప్పారు!" అంది రేడియో.

గోపమ్మకు ఒళ్ళంతా పొంగిపోయింది. కూతురు చెప్పడం, పట్నంలో కూర్చున్న ఆమె మెచ్చుకోవడం! ఈ మాట అత్తను లేపి వినిపించాలనిపించింది.

"మరి ఆవిరి మబ్బుగా ఎందుకు మారుతుంది? ఆలోచించి చెప్పండి."

సత్తమ్మ ఆలోచించింది. నుదురు ముడిపడింది. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. తెలియదు పాపం. గొర్రెపిల్ల చెవి పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"శభాష్! సరిగ్గా చెప్పారు!" అంది రేడియో, అదే సంతోషంతో. అని, తన దారిన తాను పాఠంలోకి వెళ్ళిపోయింది.

గోపమ్మకు ఏదో తట్టినట్టయింది, ఏమిటో తెలియలేదు. సత్తమ్మ ముఖంలో ఆశ్చర్యం లేదు. ఇది ఆమెకు అలవాటే అన్నట్టుంది.

"చివరిగా ఒక్క ప్రశ్న. భూమ్మీద పడిన వాననీరు ఎక్కడికి పోతుంది? చెప్పండి!"

సత్తమ్మ ఇంటివైపు చూసి, గొంతు పెంచి, తీరిగ్గా చెప్పింది. "అచ్చంపేటకు పోతది. ఆడ గొర్లు కాస్తది."

"చాలా బాగా చెప్పారు! శభాష్!"

సత్తమ్మ నవ్వలేదు. గొర్రెపిల్లను ఒళ్ళోంచి దింపి, పాలచుక్కలు పడిన పావడా దులుపుకుంది. లేచి తిరిగేసరికి తల్లి కనబడింది. పిల్ల ముఖం ఒక్కసారిగా ఎర్రబడింది.

"ఎందుకట్ల తప్పు జెప్పినవ్?" అంది గోపమ్మ మెల్లగా.

"ఏం జెప్పినా శభాషే అంటదమ్మా. చెప్పకున్నా అంటది." కాస్త ఆగి, "నేను లేకున్నా అంటది," అంది.

"మరి బడిల?"

"బడిల సారుంటడు గదనే. రేడియ శభాషంటే సారు ఒప్పుకోడంట. ఎవడ్రా తప్పు జెప్పింది అని దొరకబట్టి మొట్టుతడు. మొట్టి, మల్ల మొదటికెల్లి జెప్తడు." ఆ మొట్టికాయ గుర్తుకొచ్చి సత్తమ్మ చెయ్యి నెత్తి మీదికి పోయింది. అదేదో పోగొట్టుకున్న వస్తువు గురించి చెబుతున్నట్టు చెప్పింది. "ఆవిరి మబ్బెందుకైతదో చెవి పెట్టి ఇన్న. తెల్వలేదు. అడగనీకి ఎవరున్నరు?"

గోపమ్మ లోపలికి వెళ్ళి మర తిప్పి రేడియోను ఆపేసింది. ఎర్రదీపం ఆరిపోయాక కూడా ఆ పెట్టె మీద చెయ్యి పెట్టి నిలబడింది. ఇన్నాళ్ళూ ఆమె తనకు తాను చెప్పుకుంటున్నది ఒక్కటే: పిల్ల చదువు పూర్తిగా పోలేదు, రేడియో ఉంది కదా, వింటోంది కదా. ఇందాక వాకిట్లో బడి అనగానే ఎగిరి గంతేసింది కూడా అందుకే. వారానికొకసారి ఒక పూట దొరికితే అదే పదివేలు అనుకుంది. పిల్ల మాత్రం జవాబు వినని గొంతుకు జవాబులు చెప్పీ చెప్పీ, చివరికి ఇవాళ దాన్ని ఆటపట్టించింది.

సాయంత్రం మంద ఇంటికొచ్చింది. దుమ్ముతో పాటు అరుపులు వచ్చాయి. తడిక తీయగానే గొర్రెపిల్లలన్నీ ఒక్కపెట్టున ఉరికాయి. అంత గోలలోనూ ప్రతి తల్లీ ఆగి, చెవి పెట్టి, తన పిల్ల గొంతు వినబడిన వైపే తిరుగుతోంది. ఇంకొకటి వచ్చి పొదుగులో మూతి పెడితే కాలితో తోసేస్తోంది. రోజూ చూసే సంగతే. గోపమ్మ ఇవాళ తడిక పట్టుకుని అదంతా అయ్యేదాకా నిలబడింది.

"ఏందొదినా, లెక్క తప్పిందా?" అన్నాడు ఐలేశం.

"లేదు మరిదీ. కాళ్ళు కడుక్కో, బువ్వ తిందువు."

దీపం పెట్టే వేళకు అందరూ కంచాల ముందు కూర్చున్నారు. గోడ వారగా సైదమ్మ, ఆమెకు ఎదురుగా కొడుకులిద్దరూ, చివర సత్తమ్మ. గోపమ్మ గట్క పెట్టి, చింతపండు పులుసు పోసింది. గుర్వయ్య పెద్దసారు రాక గురించే మాట్లాడుతున్నాడు. సర్పంచుకు చెబితే ఎట్లుంటది, ఆయన వచ్చి అమ్మకు చెబితే ఎట్లుంటది అని. సైదమ్మ వినీ విననట్టు తింటోంది.

గోపమ్మ అందరికీ వడ్డించడం అయ్యేదాకా ఆగింది. తర్వాత పులుసు గిన్నె పక్కన గరిటె పెట్టి, అత్తకు ఎదురుగా కూర్చుంది.

"రేపటి సంది సత్తమ్మ బడికి పోతది," అంది.

గొంతు పెంచలేదు. రేపు జొన్నలు దంచాలి అన్నట్టే అంది. ఐలేశం ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. సత్తమ్మ తల ఎత్తలేదు.

గుర్వయ్య ముందు తల్లిని చూశాడు, తర్వాత భార్యను. "రేడియ సంగతి తెగలేదు, నడుమ ఇదేంది?"

"రేడియ సంగతి మీరు మీరు జూస్కోండ్రి. ఉంటే ఉంటది, పోతే పోతది. పిల్ల మాత్రం బడికి పోతది."

"గొర్రెపిల్లలు?" అన్నాడు ఐలేశం.

"నేను జూస్కుంట."

"ఐతారం సుట్టాలొచ్చి పిల్ల ఏం జేస్తాందని అడిగితే?" అంది సైదమ్మ. ఆమె గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"బడికి పోతాందని చెప్దాం అత్తా. దాసేదేముంది?"

"కింది వాడోళ్ళ పక్కపొంటి కూసుంటదా?"

"సారు యాడ కూసోమంటే ఆడ కూసుంటది."

గుర్వయ్య ఏదో అనబోయాడు. గోపమ్మ అతని వైపు చూసింది. కోపంగా కాదు, అడుగుతున్నట్టు కూడా కాదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అలా చూడడం అతనికి గుర్తులేదు. అనబోయిన మాటను గట్కతోపాటు మింగేశాడు.

"రేపు శనివారం, ఒక్కపూటే బడి," అంది గోపమ్మ కూతురితో. "పొద్దుగాల్నే లేపుత. తల దువ్వుకోని తయారుండు."

సత్తమ్మ "ఆఁ" అంది. రేడియో భాషలో కాదు, మామూలుగానే.

గోపమ్మ గరిటె చేతిలోకి తీసుకుని అత్త వైపు వంగింది. "ఇంక జర పులుసు పొయ్యాల్నా అత్తా?"

సైదమ్మ సగం తిన్న కంచం మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.